నల్లకుంటా, కోకాపేటా? మూడు తరాల కుటుంబం హైదరాబాద్‌లో ఇల్లు ఎక్కడ చూసుకోవాలి

హైదరాబాద్‌లో ఇల్లు వెతకడం మొదలుపెట్టిన కుటుంబంలో కనీసం మూడు మాటలు వినబడతాయి. నడిచి వెళ్లే దూరంలో గుడి, మందుల షాపు, తెలిసిన డాక్టరు ఉండాలని పెద్దవాళ్లు అంటారు. ఆఫీసుకు అరగంటలో చేరలేకపోతే ఆ ఇల్లెందుకని నలభైల్లో ఉన్న కొడుకు, కోడలు అంటారు. అసలు ఇప్పుడే కొనడం ఎందుకు, అద్దెకు ఉందామని ఇరవైల్లో ఉన్నవాళ్లు అంటారు. ఎవరి మాటా తీసిపారేసేది కాదు. కానీ పాత కాలనీ నల్లకుంట, పడమట ఐటీ ఆఫీసుల వైపున్న కోకాపేట పక్కపక్కన లేవు కాబట్టి ఎవరో ఒకరు తగ్గక తప్పదు.

ఎవరు తగ్గాలో నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఆ ఇంట్లో ఎవరు ఉంటారో వాళ్లదే పెద్ద ఓటు. ఉద్యోగానికి వెళ్లేవారు మామూలు రోజుల్లో ఇంట్లో మెలకువగా ఉండేది మహా అయితే మూడు నాలుగు గంటలు. రిటైరైన తల్లిదండ్రులకు, పసిబిడ్డతో ఇంట్లో ఉన్న తల్లికి, ఇంటి నుంచే పనిచేసేవారికి రోజంతా ఆ పేటలోనే గడుస్తుంది. అయినా మనవాళ్లు ఇల్లు ఎంచుకునేది జీతం తెచ్చే మనిషి ఆఫీసును బట్టి. ఆ ఆఫీసేమో నాలుగేళ్లకోసారి మారుతుంది.

ఎవరు ఎటు వెళ్లారు, ఎందుకు

పెద్ద తరం పేటను ఎంచుకున్న తీరులో ఒక లెక్క ఉంది. సొంత ఊరి బస్సు ఏ రోడ్డు మీదుగా వస్తుందో ఆ రోడ్డు పక్కనే స్థలం కొన్నారు. నల్లగొండ, ఖమ్మం, విజయవాడ వైపువారు దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, వనస్థలిపురంలో స్థిరపడ్డారు. వరంగల్ వారు ఉప్పల్, బోడుప్పల్ పట్టుకున్నారు. నిజామాబాద్, కామారెడ్డి వారికి అల్వాల్, కొంపల్లి దగ్గర. పాలమూరు వారు ఆరాంఘర్, శంషాబాద్ దారిలో దిగారు. కోస్తా నుంచి వచ్చినవారిలో చాలామందికి కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ రెండో సొంతూరైంది. అందరూ ఇలాగే చేశారని కాదు గాని, సంక్రాంతి ముందు రెండు రోజులు ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడితే ఈ లెక్క కళ్లకు కడుతుంది.

ఉద్యోగం ఇచ్చిన సంస్థే పేటను నిర్ణయించిన సందర్భాలూ ఉన్నాయి. బీహెచ్‌ఈఎల్ రాకతో రామచంద్రాపురం పెరిగింది. ఏఎస్ రావు నగర్‌కు ఆ పేరు ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను స్థాపించిన అయ్యగారి సాంబశివరావుది. సైనికపురి పేరులోనే దాని పుట్టుక తెలుస్తుంది. ఆ తరం ముందు స్థలం కొనేది, ప్రహరీ కట్టేది, తర్వాత రెండు గదులు వేసేది. చేతిలో డబ్బు ఆడినప్పుడు పైన ఇంకో పోర్షన్ వేసి అద్దెకిచ్చేది.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచాక ఊరి బరువు పడమటికి ఒరిగింది. 2008లో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు వెళ్లింది. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు వచ్చాక నార్సింగి, కోకాపేట, తెల్లాపూర్ ఊళ్లు పొలాల నుంచి నేరుగా టవర్లకు ఎక్కాయి. 2023 ఆగస్టులో కోకాపేటలో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వేసిన వేలంలో ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లు పలికింది. భూమి ఆ ధరకు కొన్నవారు దాని మీద నాలుగు అంతస్తులు కట్టి ఊరుకోరు కదా. స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, ఇతర నగరాల్లో ఉండేది, ఇక్కడ లేకపోవడం కూడా వారికి కలిసొచ్చింది.

ఇక చిన్న తరం దారి హాస్టళ్ల మీదుగా సాగుతుంది. సాఫ్ట్‌వేర్ కోర్సుకు అమీర్‌పేట, గ్రూప్స్ చదువుకు అశోక్‌నగర్, ఉద్యోగం వచ్చాక మాదాపూర్, గచ్చిబౌలి. వీళ్లకు పేట మీద మమకారం తక్కువ. ఆఫీసు మారితే రెండు సూట్‌కేసులు సర్దుకుని హాస్టల్ మారుతారు. పెద్దవాళ్లు దీన్ని నిలకడలేనితనం అంటారు గాని, ఆ వయసుకు అదే తెలివైన పని.

పాత కాలనీ ఏం ఇస్తుంది, ఏం తీసుకుంటుంది

విద్యానగర్, నల్లకుంట, చిక్కడపల్లి, బర్కత్‌పుర, మారేడ్‌పల్లి లాంటి కాలనీల అసలు విలువ ఇంటి గోడల మధ్య ఉండదు, వీధిలో ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికల్లా కూరగాయల తోపుడు బండి గేటు ముందుకు వస్తుంది. ఇస్త్రీ బండి మలుపులో ఉంటుంది. కళ్లద్దాల స్క్రూ ఊడితే బిగించేవాడు, జాకెట్టు కుట్టేవాడు, పంతులుగారు, ప్లంబరు అందరూ నడిచి వెళ్లే దూరంలోనే. విద్యానగర్‌లో ఉంటే దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆసుపత్రి దగ్గర. నల్లకుంటలో శంకరమఠం, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. డెబ్భై ఏళ్ల ఆవిడ సాయంత్రం కచేరీకి ఎవరినీ కారు అడగకుండా వెళ్లి రాగలగడం ఏ క్లబ్‌హౌస్ బ్రోచర్‌లోనూ కనబడని సౌకర్యం.

ఇబ్బందులూ తక్కువేమీ కావు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, సంపు కడుక్కుని చూసుకోవాలి. వీధులు రెండు కార్లు ఎదురెదురు పడితే ఒకటి వెనక్కి వెళ్లాల్సినంత ఇరుకు. పెద్ద వాన పడితే మ్యాన్‌హోళ్లు పొంగుతాయి. పాత ఇళ్లకు లిఫ్టు ఉండదు, స్నానాల గది గడప ఎత్తుగా ఉంటుంది, వైరింగు ఏసీల బరువు మోయలేదు. పిల్లలకు ఆడుకునే చోటు వీధే. ఆ వీధిలో ఇప్పుడు బళ్లు నిలిపి ఉంటాయి. పైగా ఉదయం వేళ నల్లకుంట నుంచి గచ్చిబౌలి చేరడానికి గంట చాలదు.

ఈ కాలనీల్లో ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్నది డెవలప్‌మెంట్ ఒప్పందం. తాతగారు కట్టిన ఇంటిని బిల్డరుకు ఇస్తే కూల్చి, కింద పార్కింగు వదిలి పైన అంతస్తులు లేపి, ఫ్లాట్లు చెరి సగం పంచుకుంటారు. ఎన్ని అంతస్తులు లేపవచ్చో స్థలం విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు తేలుస్తాయి. 500 గజాల స్థలంలో నాలుగు అంతస్తులు, ఎనిమిది ఫ్లాట్లు వచ్చాయనుకుందాం. ఇంటివారికి నాలుగు. ముగ్గురు తోబుట్టువులకు తలా ఒకటి, తల్లిదండ్రులకు ఒకటి. పైకి చక్కగా కుదిరిన ఈ పంపకం ఎవరికి తూర్పు ముఖం, ఎవరికి రెండో అంతస్తు అన్న దగ్గర చెడుతుంది. బిల్డరుతో సంతకం పెట్టకముందే ఏ ఫ్లాటు ఎవరిదో నంబర్లతో సహా కాగితం మీద రాసుకోండి. కట్టినన్నాళ్లు మీరు ఉండే అద్దె ఇంటి ఖర్చు ఎవరిదో, గడువు దాటితే నెలకు ఎంత ఇస్తారో కూడా అందులోనే ఉండాలి. అన్నదమ్ములు కదా, తర్వాత చూసుకోవచ్చులే అనుకున్న చోటే కోర్టు కేసులు పుడతాయి.

ఇలాంటి చిన్న అపార్టుమెంటులో ఫ్లాటు కొనేవారికి ఒక హెచ్చరిక. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ దగ్గర నమోదు తప్పనిసరి కాదు. 500 గజాలంటే సుమారు 418 చదరపు మీటర్లే. అందువల్ల పాత కాలనీల్లో లేచే చాలా భవనాలు రెరా పరిధిలోకి రావు. మంజూరైన ప్లాను ప్రకారమే కట్టారా, ఇక జనం దిగవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిందా అన్నది మీరే దగ్గరుండి చూసుకోవాలి. పెంట్‌హౌస్ పేరుతో పైన వేసిన అంతస్తు చవకగా వస్తోందంటే ప్లానులో దాని ఊసు లేదని అనుమానించండి.

పడమటి టవర్

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులై, బడికి వెళ్లే పిల్లలున్న ఇంటికి గేటెడ్ కమ్యూనిటీ చేసే మేలు కాదనలేనిది. సాయంత్రం పిల్లలు లిఫ్టు దిగితే పదిమంది నేస్తాలు ఉంటారు. డేకేర్, ఈత కొలను, బ్యాడ్మింటన్ కోర్టు, జనరేటరు, గేటు దగ్గర కాపలా అన్నీ లోపలే. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చే అమ్మాయికి ఆ వెలుతురూ కాపలా ఎంతో ధైర్యం. ఇవన్నీ సాయంత్రం ఆరు తర్వాత కనబడే మంచి.

పగలు పదకొండింటికి అదే టవర్‌కు వెళ్లి చూడండి. ఇరవై ఏడో అంతస్తు బాల్కనీలో డెబ్భై ఐదేళ్ల పెద్దాయన పేపరు రెండోసారి చదువుతుంటారు. ఎదుటి ఫ్లాటుకు తాళం. కింద పార్కులో ఆయాలు, తోటమాలులు తప్ప మాట కలిపేందుకు ఎవరూ లేరు. చూడటానికి పాత స్నేహితుడు వస్తే గేటు దగ్గర ఫోనులో అనుమతి నొక్కాలి. ఆ అనుమతి కొడుకు ఫోనుకు వెళ్తుంది, కొడుకు మీటింగులో ఉంటాడు. కొత్తిమీర కట్ట కావాలంటే యాప్. ఆ యాప్‌లో కొత్తిమీరను వాసన చూసి కొనలేమని ఆయన భార్య ఫిర్యాదు. చిన్న విషయాలే. కానీ రోజూ జరిగేవి ఇవే. టవర్‌కు మారాక తల్లిదండ్రులు నెలలో ఇరవై రోజులు పాత ఇంటి దగ్గరో ఊళ్లోనో గడుపుతున్న కుటుంబాలు నాకు చాలా తెలుసు. మూడో పడకగదికి ఈఎంఐ మాత్రం పూర్తిగా కడుతూనే ఉంటారు.

అందరు పెద్దలూ ఇలా బాధపడతారని కాదు. సంగీతం, నడక, భజన బృందాలున్న కమ్యూనిటీల్లో కొత్త స్నేహాలు చేసుకుని హాయిగా ఉన్నవారూ ఉన్నారు. అలాంటి బృందం ఉందో లేదో కొనకముందే కనుక్కోండి. నా అనుభవంలో ఆరేడు వందల ఫ్లాట్లుండి, జనం దిగి నాలుగైదేళ్లు దాటిన కమ్యూనిటీల్లో ఇవి బాగా నడుస్తాయి. కొత్తగా తాళాలిచ్చిన చోట ఇంకా డ్రిల్లింగ్ మిషన్ల మోతే వినబడుతుంది.

డబ్బు లెక్కలో టవర్‌కూ చిన్న అపార్టుమెంటుకూ పెద్ద తేడా యూడీఎస్, అంటే భూమిలో మీ అవిభాజ్య వాటా. పైన చెప్పిన ఎనిమిది ఫ్లాట్ల భవనంలో ఒక్కో ఫ్లాటుకు 62.5 గజాలు వస్తుంది. టవర్‌లో ఎకరానికి 150 ఫ్లాట్లు లేపారనుకుంటే ఎకరం 4,840 గజాలు కనుక మీ వాటా 32 గజాలు. ముప్ఫై ఏళ్ల తర్వాత భవనం పాతబడినప్పుడు మిగిలేది ఆ గజాలే. అలాగే 2,000 చదరపు అడుగుల ఫ్లాటు అని అమ్మేది మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి చోట్లలో వాటా కూడా కలిపిన సూపర్ బిల్టప్ లెక్క. అందులో కాలు పెట్టే చోటు సాధారణంగా 1,300 నుంచి 1,500 అడుగుల మధ్య ఉంటుంది. రెరా నమోదైన ప్రాజెక్టులో కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల వాడుకునే చోటు, విడిగా చెప్పి తీరాలి, దాన్నే అడగండి. నిర్వహణ ఖర్చు అడుగుకు నాలుగు రూపాయలనుకున్నా నెలకు 8,000. నెల చందా 7,500 దాటితే, సంఘం వార్షిక రాబడి 20 లక్షలు మించితే దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. పింఛను మీద బతికేవారికి ఇది చిన్న మొత్తం కాదు.

నీళ్ల సంగతి విడిగా చెప్పాలి. పడమట వేసవిలో బోర్లు ఎండిపోతే ట్యాంకర్లే దిక్కు. ఏప్రిల్‌లో ఆ కమ్యూనిటీకి రోజుకు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో అమ్మకాల ఆఫీసులో అడగవద్దు, గేటు కాపలాదారును అడగండి. అతని దగ్గర రిజిస్టరు ఉంటుంది.

ఈ రెండింటి మధ్య

మూడు తరాలూ ఒకే కప్పు కింద ఉండాలని పట్టుదలగా ఉన్నవారికి నేను చెప్పేది మెట్రో మ్యాపు ముందు పెట్టుకోమని. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే నీలి మార్గం హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ, సికింద్రాబాద్ మీదుగా హైటెక్ సిటీ దాకా రైలు మారకుండా తీసుకెళ్తుంది. తార్నాక, హబ్సిగూడలు చెట్లున్న పాత కాలనీలు. ఆసుపత్రులు, బళ్లు దగ్గర, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే. పెద్దవాళ్లకు వీధి దక్కుతుంది, ఉద్యోగికి ఏసీ రైలు దక్కుతుంది. చిక్కడపల్లి, నారాయణగూడ ఉన్న ఆకుపచ్చ మార్గంలో అయితే పరేడ్ గ్రౌండ్ దగ్గర మారాలి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే 29 కిలోమీటర్ల ఎర్ర మార్గంలో ఉన్నవారు అమీర్‌పేటలో మారాలి. రద్దీ వేళ అమీర్‌పేట మెట్లు ఎక్కి దిగడం కూడా ప్రయాణంలో భాగమేనని లెక్క వేసుకోండి.

ఇందులో ఒక చిక్కు ఉంది. మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది. ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంటే అక్కడి నుంచి ఆటో, బస్సు, లేదా కంపెనీ షటిల్. ఆ చివరి దూరానికి ఏర్పాటు లేకపోతే తార్నాక సలహా మీకు పనికిరాదు. అప్పుడు కూకట్‌పల్లి, మియాపూర్, హఫీజ్‌పేట వైపు పదిహేను ఇరవై ఏళ్ల నాటి ఫ్లాట్లు చూడండి. కొత్త మెరుగులు ఉండవు గాని కూకట్‌పల్లి రైతుబజారు, బడి, ఆసుపత్రి, తెలుగు మాట్లాడే పొరుగు అన్నీ స్థిరపడిన చోటు అది.

కొనాలా, అద్దెకు ఉండాలా

ఇరవైల్లో ఉన్నవారి పక్షాన ఇక్కడ గట్టిగా వాదిస్తాను. కోటి రూపాయల అప్పు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 86,800 కట్టాలి. కోటి విలువ చేసే ఫ్లాటు అద్దె ఈ ఊళ్లో సాధారణంగా నెలకు పాతిక వేల అటూ ఇటూ. రిజిస్ట్రేషన్‌కు తెలంగాణలో 7.5 శాతం, కడుతున్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ అదనం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఫ్లాటుకు జీఎస్టీ లేదు. ఉద్యోగం ఏ మూలకు మారుతుందో, పెళ్లయ్యాక రెండో ఆఫీసు ఎటు ఉంటుందో తెలియని వయసులో ఇంత ఖర్చు పెట్టి ఒక చోట బిగుసుకుపోవడం అనవసరం. అద్దెకు ఉంటూ తేడా డబ్బును దాచగలిగినవారికే ఈ వాదన వర్తిస్తుంది. దాచలేనివారికి ఈఎంఐ ఒక్కటే పొదుపు నేర్పుతుంది.

ప్రీలాంచ్ ధరలకు మాత్రం ఏ వయసువారైనా దూరంగా ఉండండి. రెరా పరిధిలోకి వచ్చే ప్రాజెక్టును నమోదు కాకముందు అమ్మడమే చట్టవిరుద్ధం. చెరువు పక్కన ‘లేక్ వ్యూ’ అన్న చోట ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే మేర), దాని చుట్టూ కట్టకూడని బఫర్ హద్దులు చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. 2020 అక్టోబరు వరదలో నీళ్లు ఏ కాలనీల్లో నిలిచాయో అక్కడివారికి ఇప్పటికీ గుర్తుంది. 2024లో ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా వచ్చాక చెరువుల్లో కట్టినవి కూల్చిన సంగతీ తెలిసిందే.

అవుటర్ బయటి విల్లాలు కారు నడపడం మానేసిన వయసుకు సరిపడవు. శంకర్‌పల్లి, షాద్‌నగర్ వైపు ఫాం ప్లాట్లు అసలు ఇల్లే కావు. వ్యవసాయ భూమిగా ఉన్నంత కాలం అక్కడ ఇంటి అనుమతి ఆశించవద్దు. వృద్ధుల కోసమే కట్టిన కమ్యూనిటీలు పిల్లలు విదేశాల్లో ఉన్నవారికి మంచి దారే. కాకపోతే ఆసుపత్రి ఎంత దూరమో, ఇద్దరిలో ఒకరు మిగిలినప్పుడు నెల ఖర్చు ఎంతకు తగ్గుతుందో రాతపూర్వకంగా తీసుకోండి.

పాత కాలనీలో సొంత ఇల్లున్న కుటుంబానికి నా సలహా వేరు. ఆ ఇంటిని అమ్మకండి. కింది అంతస్తులో గడప లేని స్నానాల గది, పట్టుకునే కడ్డీలు, కొత్త వైరింగు వేయించండి. పిల్లలు పడమట అద్దెకు ఉండి వారాంతాలకు రావచ్చు. తల్లిదండ్రులకు ఊరితో రాకపోకలు ఇంకా ఉంటే పాత తరం లెక్కే నేటికీ సరైనది, ఆ ఊరి రోడ్డు వైపే చూడండి. టవర్‌కే వెళ్లాలనుకుంటే ఒక పెద్ద నాలుగు గదుల ఫ్లాటు బదులు అదే కమ్యూనిటీలో రెండు చిన్నవి తీసుకోవడం మేలు, పెద్దవాళ్లది కింది అంతస్తుల్లో. కొనకముందు అక్కడే ఒక ఫ్లాటు కొన్ని నెలలు అద్దెకు తీసుకుని తల్లిదండ్రులను ఉండి చూడమనండి.

ఇక పాత ఇల్లు అమ్మి ఆ డబ్బుతోనే కొత్తది కొంటున్నట్లయితే కొత్త రిజిస్ట్రేషన్‌లో తల్లిదండ్రుల పేరు ఉండాలి. మూలధన లాభాల పన్ను మినహాయింపుకూ అమ్మినవారి పేరు మీద కొనడమే క్షేమం. ఇప్పుడే పిల్లల పేర గిఫ్ట్ డీడ్ రాయాలనుకుంటే, పోషణ బాధ్యత షరతుగా ఆ పత్రంలోనే రాయించండి. ఆ షరతు ఉండి పిల్లలు తప్పితే, 2007 నాటి తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆ బదిలీని రద్దు చేయించుకునే వీలు ఉంటుంది.